దీవి జనం మూలాలు ఎక్కడ? హెచ్‌ఎల్‌ఏ జన్యువులతో జాడ తీసే విధానం, రాపా నుయ్ ఉదాహరణగా

పసిఫిక్ మహాసముద్రంలో, చిలీ తీరానికి దాదాపు 3,700 కిలోమీటర్ల దూరాన రాపా నుయ్ ఉంది. ఈస్టర్ ఐలాండ్ అంటే మనవాళ్లకు వెంటనే గుర్తొస్తుంది, పెద్ద పెద్ద రాతి విగ్రహాల దీవి. విస్తీర్ణం 164 చదరపు కిలోమీటర్లు. పడమటి దిక్కున మనుషులుండే అతి దగ్గరి దీవి పిట్‌కైర్న్, అదీ సుమారు 2,000 కిలోమీటర్ల అవతల. ఇంత ఒంటరి నేల మీద మొదట కాలు పెట్టిందెవరు? పడమటి నుంచి పడవలు వేసుకొచ్చిన పాలినీషియన్లా, తూర్పున ఉన్న దక్షిణ అమెరికా మూలవాసులా?

రెండో మాటే నిజమని నార్వేకు చెందిన థోర్ హేయర్‌దాల్ గట్టిగా వాదించాడు. 1947లో పెరూలోని కయావో రేవు నుంచి కోన్-టికీ అనే బాల్సా తెప్ప మీద బయల్దేరి 101 రోజులకు పాలినీషియాలోని రారోయా చేరాడు కూడా. ప్రయాణం సాధ్యమేనని దానితో తేలింది. పూర్వం ఎవరైనా అలా వచ్చారా అన్నది మాత్రం తేలలేదు. ఆ ప్రశ్నకు మొదటి గట్టి జన్యు ఆధారం అవయవ మార్పిడి వైద్యులు వాడే రక్తపరీక్షలోంచి వచ్చింది. దాత, రోగి కణజాలాలు కలుస్తాయో లేదో చూసే ఆ పరీక్ష పేరు హెచ్‌ఎల్‌ఏ టైపింగ్.

అదే పనిని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను. జన్యుశాస్త్రం చదివే పీజీ విద్యార్థులకూ, ల్యాబ్‌లో రోజూ టైపింగ్ చేస్తూ దీనిలో ఇంకేముందో చూడాలనుకునేవారికీ ఇది పనికొస్తుంది. ముందే ఒక మాట. ఒక దీవిలో ఎవరి రక్తం కలిసిందో హెచ్‌ఎల్‌ఏ బాగా చెబుతుంది. ఎంత కలిసింది, ఎప్పుడు కలిసింది అన్న ప్రశ్నలకు అది ఒంటరిగా చెప్పే జవాబును నమ్మకూడదు. ఈ రంగంలో వచ్చిన పెద్ద గొడవలన్నీ ఈ తేడా మరిచిపోవడం వల్లే వచ్చాయని నా అభిప్రాయం.

హెచ్‌ఎల్‌ఏనే ఎందుకు?

ఆరో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఒకే చోట గుంపుగా ఉండే జన్యువులివి. ఏ, బి, సి అనేవి మొదటి తరగతి. డీఆర్, డీక్యూ, డీపీ రెండో తరగతి. శరీరంలోకి చొరబడిన వైరస్, బ్యాక్టీరియా ముక్కలను పైకి తెచ్చి రోగనిరోధక కణాలకు చూపించడం వీటి పని. జబ్బులు రకరకాలు కాబట్టి వీటిలో వైవిధ్యం విపరీతం. ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాలను అల్లీల్స్ అంటారు. మొత్తం కలిపి 40,000కు పైగా అల్లీల్స్‌కు ఇప్పటికే పేర్లు పెట్టారు. మనిషి జీనోమ్‌లో ఇంత వైవిధ్యం ఉన్న చోటు మరొకటి లేదు.

మూలాలు వెతికేవారికి ఇందులో రెండు లాభాలున్నాయి. కొన్ని అల్లీల్స్ కొన్ని ప్రాంతాల జనాల్లో తప్ప దాదాపు ఎక్కడా కనబడవు. పైగా ఇవి తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తాయి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి, అమ్మమ్మ, ఆమె తల్లి అన్న ఒకే వరసను పట్టుకుని పోతుంది. వై క్రోమోజోమ్ తండ్రి వరసను పట్టుకుంటుంది. పది తరాలు వెనక్కి వెళితే లెక్క ప్రకారం మనకు 1,024 పూర్వీక స్థానాలుంటాయి. మైటోకాండ్రియా చెప్పేది అందులో ఒక్కదాని గురించే. జనాభా కుప్పకూలిన దీవిలో ఆ ఒక్క వరస తెగిపోవడం చాలా తేలిక. హెచ్‌ఎల్‌ఏ మిగతా ఏ దారిలోనైనా బతికి బయటపడొచ్చు.

అడుగు 1: దీవిలోకి మనుషులు వచ్చిన దారులన్నీ రాసుకోండి

ల్యాబ్ పని తర్వాత. ముందు చరిత్ర చదవాలి. ఒక బయటి అల్లీల్ దొరికినప్పుడు అది ఏయే దారుల్లో వచ్చి ఉండొచ్చో ముందుగానే జాబితా లేకపోతే, దొరికిన తర్వాత మనకు నచ్చిన కథే కనబడుతుంది.

రాపా నుయ్‌కి ఆ జాబితా ఇలా ఉంటుంది. పాలినీషియన్లు సుమారు 1200 ప్రాంతంలో దీవికి చేరారన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. డచ్చి నావికుడు యాకోబ్ రోగ్గెవేన్ 1722లో ఈస్టర్ పండుగ రోజున వచ్చాడు. 1770లో స్పానిష్ ఓడలు, 1774లో జేమ్స్ కుక్ వచ్చారు. ఆ తర్వాత తిమింగలాల వేట ఓడల రాకపోకలు మొదలయ్యాయి.

1862 చివర్లో అసలు ఘోరం జరిగింది. పెరూ నుంచి వచ్చిన బానిస వ్యాపారులు సుమారు 1,500 మందిని ఎత్తుకుపోయారు. బయటి ఒత్తిడి వల్ల కొందరిని తిరిగి పంపినా, ప్రాణాలతో దీవి చేరినవారు పదిహేను మంది వరకే. వాళ్లతో పాటు మశూచి కూడా దిగింది. తర్వాత కొంతమంది తాహితీ వైపు వెళ్లిపోయారు. 1877 నాటికి దీవిలో మిగిలింది 111 మంది. 1888లో చిలీ ఈ దీవిని కలుపుకుంది, అప్పటి నుంచి అక్కడి మనుషుల రాకపోకలు పెరిగాయి.

అంటే అమెరికా మూలవాసుల అల్లీల్ ఒకటి నేటి రాపా నుయ్ మనిషిలో కనబడితే దారులు నాలుగు: 1722కు ముందు జరిగిన సంపర్కం, 1722 నుంచి 1862 వరకు వచ్చిన ఓడలు, పెరూ నుంచి తిరిగొచ్చినవారు, 1888 తర్వాతి చిలీయులు. చిలీయుల్లో చాలామందికి మూలవాసుల వారసత్వం ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి. ఒక్కో దారిని మూయగలిగే ఆధారం ఏమిటో ఆ జాబితా పక్కనే రాసుకోండి. చివరి మూడింటినీ మూయగలిగితేనే మొదటి దాని గురించి నోరు విప్పాలి.

అడుగు 2: అనుమతి

దీన్ని ఫారం మీద సంతకంగా చూసేవాళ్లు చిక్కుల్లో పడతారు. అమెరికాలోని అరిజోనాలో హవసుపాయ్ తెగవాళ్లు మధుమేహం పరిశోధన అనుకుని రక్తం ఇచ్చారు. ఆ నమూనాలను తెగ మూలాల గురించి కూడా వాడారని తెలిసి కోర్టుకెక్కారు. 2010లో విశ్వవిద్యాలయం పరిహారం చెల్లించి, మిగిలిన నమూనాలు తిరిగిచ్చింది. మూలాల పరిశోధన జబ్బు పరిశోధన లాంటిది కాదు. ఒక జాతి తన గురించి తాను చెప్పుకునే కథ మీద, నేల మీద హక్కు మీద దాని ప్రభావం పడుతుంది. అందుకే వ్యక్తి అనుమతితో పాటు సమాజం అనుమతి కూడా కావాలి. ఫలితాలు పత్రికలో వచ్చేలోపే వాళ్లకు చెప్పాలి. నమూనా ఏ పనికి వాడతామో, ఏ పనికి వాడమో రెండూ స్పష్టంగా రాయాలి.

అడుగు 3: ఎవరి నమూనాలు, ఎంతమందివి

దీవిలో ఉన్న ప్రతివారూ పనికిరారు. తాత ముత్తాతల వివరాలు తెలిసినవాళ్లు, వీలైతే నలుగురు తాతమ్మమ్మలూ దీవిలోనే పుట్టినవాళ్లు కావాలి. రాపా నుయ్ విషయంలో ఓస్లోకు చెందిన ఇమ్యునాలజిస్ట్ ఎరిక్ థోర్స్‌బీ బృందానికి ఒక అదృష్టం కలిసొచ్చింది. బయటి కలయిక లేనివారిగా దీవిలో పేరున్న వ్యక్తుల నుంచి 1971లోనే రక్త నమూనాలు తీసి ఉంచారు. 1972లో ఫ్రాన్స్‌లోని ఈవియాన్‌లో జరిగిన అంతర్జాతీయ హెచ్‌ఎల్‌ఏ వర్క్‌షాప్ ప్రపంచ జనాల పోలిక మీదే నడిచింది, అప్పుడు ఇలా మారుమూల జనాల నమూనాలు చాలా సేకరించారు. దశాబ్దాల తర్వాత డీఎన్‌ఏ పద్ధతులు వచ్చాక ఆ పాత నమూనాలకు మళ్లీ పని పడింది. 2008లో మరికొన్ని సేకరించారు.

పాత నమూనా విలువ ఇక్కడ తెలుస్తుంది. 1971లో అరవై ఏళ్లున్న మనిషి తల్లిదండ్రులు 1877 నాటి ఆ కొద్దిమందికి చాలా దగ్గరివాళ్లు. ఇవాళ పుట్టిన బిడ్డకు ఆ దూరం చాలా ఎక్కువ.

సంఖ్య విషయానికొస్తే, లెక్క చాలా తేలిక. ఒక అల్లీల్ జనాభాలో 2 శాతం ఉందనుకుందాం. 30 మందిని పరీక్షిస్తే 60 క్రోమోజోములు చూసినట్టు. ఆ అల్లీల్ ఒక్కసారి కూడా కనబడకపోయే అవకాశం 0.98ని 60 సార్లు గుణిస్తే వచ్చేది, అంటే సుమారు 30 శాతం. 100 మందిని చూస్తే అది 2 శాతం కంటే తగ్గుతుంది. కాబట్టి చిన్న నమూనాలో దొరకలేదంటే లేదని కాదు. దొరికితే మాత్రం ఉన్నట్టే, టైపింగ్ సరిగ్గా చేసి ఉంటే. అక్కాచెల్లెళ్లను, తండ్రీకొడుకులను వేర్వేరు వ్యక్తులుగా లెక్కలో కలపకండి. అలా చేస్తే శాతాలు తప్పుతాయి. అదే కుటుంబ నమూనాలు ఐదో అడుగులో బంగారం, అందుకే తీసుకోండి కానీ విడిగా గుర్తు పెట్టుకోండి.

అడుగు 4: టైపింగ్ ఏ స్థాయి వరకు చేయాలి

హెచ్‌ఎల్‌ఏ-బి*39:05 అన్న పేరు చూడండి. బి అనేది జన్యువు. 39 అనేది అల్లీల్ గుంపు, పాతకాలం సీరం పరీక్షలు చెప్పగలిగింది దాదాపు అంతవరకే. 05 అనేది ఆ గుంపులో ఒక నిర్దిష్టమైన ప్రొటీన్. ఇలాగే కోలన్‌తో విడదీసిన మూడో, నాలుగో భాగాలు కూడా ఉండొచ్చు, అవి ప్రొటీన్‌ను మార్చని తేడాలు. 2010కి ముందు పేపర్లలో ఇదే బి*3905 అని ఉంటుంది, కంగారు పడకండి.

మూలాల పనికి రెండో భాగం లేని టైపింగ్ దాదాపు దండగ. కారణం రాపా నుయ్‌లోనే ఉంది. బి39 గుంపు పాలినీషియాలోనూ ఉంది, అమెరికా మూలవాసుల్లోనూ ఉంది. పాలినీషియాలో కనబడేది బి*39:01. అది ఆసియా జనాల్లోనూ ఉంటుంది. బి*39:05 మాత్రం దాదాపుగా అమెరికా మూలవాసులదే. ఏ2 గుంపు ప్రపంచమంతా ఉంటుంది, అందులో ఏ*02:12 అమెరికా మూలవాసుల గుర్తు. మొదటి భాగం దగ్గరే ఆగిపోయినవాడికి పాలినీషియన్లూ, అమెరికా మూలవాసులూ దగ్గరి చుట్టాల్లా కనబడతారు. ఇద్దరి పూర్వీకుల్లో పెద్ద భాగం ఆసియా నుంచే రావడం వల్ల ఆ పోలిక రావడం సహజం. ఒక సముద్రయానాన్ని నిరూపించడానికి ఆ పోలిక చాలదు.

పద్ధతి విషయంలో, ఇవాళ మొత్తం జన్యువును చదివే సీక్వెన్సింగ్ చేయించడం మంచిది. పొడవైన రీడ్స్ (ఒక్కసారిగా చదివే డీఎన్‌ఏ ముక్కలు) ఇచ్చే యంత్రమైతే అస్పష్టతలు తగ్గుతాయి. ఇప్పటికే జీనోమ్ డేటా ఉంటే ఆప్టిటైప్, హెచ్‌ఎల్‌ఏ-హెచ్‌డీ, టీ1కే లాంటి సాఫ్ట్‌వేర్లతో టైపింగ్ రాబట్టవచ్చు. ఆప్టిటైప్ మొదటి తరగతికే. ఒకే రిఫరెన్స్ జీనోమ్‌కు రీడ్స్ అతికించి తేడాలు గుర్తించే మామూలు పద్ధతి హెచ్‌ఎల్‌ఏ దగ్గర పని చేయదు, ఇక్కడ మనుషుల మధ్య తేడా అంత ఎక్కువ. రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లతో నడిపి, జవాబులు కలిసినవే నమ్మండి.

చిప్ డేటా (జీనోమ్‌లో ఎంచుకున్న చోట్లనే చదివేది) నుంచి ఊహించే పద్ధతి కూడా ఉంది, హెచ్‌ఐబీఏజీ లాంటివి. దీవి జనాల విషయంలో వీటిని పక్కన పెట్టమనే నా సలహా. ఆ మోడల్ ఏ జనాల మీద శిక్షణ పొందిందో ఆ జనాల అల్లీల్స్‌నే చూపిస్తుంది. శిక్షణలో పాలినీషియన్లు లేకపోతే, ఉన్నవాటిలో దగ్గరగా కనబడినదాన్ని అంటగడుతుంది. మనం వెతికేదే అరుదైన అల్లీల్ కదా, దాన్ని మింగేసే పనిముట్టు మనకెందుకు?

సాధన చేయాలంటే పసిఫిక్ దాకా పోనక్కర్లేదు. 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారి నమూనాలు వందకు పైగా ఉన్నాయి, ఐటీయూ అన్న గుర్తుతో. డేటా అందరికీ ఉచితం. దాని మీద టైపింగ్ నడిపి, అదే ప్రాజెక్టులోని ఇంగ్లిష్, చైనీస్, పెరూ నమూనాలతో పోల్చి చూడండి. పెరూ జాబితాలో మీకు వచ్చే అల్లీల్స్‌లో ఏవి తెలుగువారిలో అసలు కనబడవో గమనిస్తే, ప్రాంతానికి కట్టుబడిన అల్లీల్ అంటే ఏమిటో పుస్తకం కంటే బాగా అర్థమవుతుంది.

అడుగు 5: హాప్లోటైప్ కట్టడం

ఒక అల్లీల్ ఒంటరిగా చెప్పేది తక్కువ. వెంకటేశ్వర్లు అన్న పేరు ఒక్కటే చెబితే ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు, ఇంటిపేరు కూడా చెబితే ఊరూ చుట్టరికాలూ బయటపడతాయి. హెచ్‌ఎల్‌ఏలో ఆ జోడింపే హాప్లోటైప్. ఒకే క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉన్న ఏ, సి, బి, డీఆర్ అల్లీల్స్ కలిసి ఒక కట్టగా తరం నుంచి తరానికి వెళతాయి.

ప్రపంచంలో కొన్ని కట్టలు బాగా ప్రసిద్ధం. ఏ*01:01, బి*08:01, డీఆర్‌బీ1*03:01 కలిసి కనబడితే ఉత్తర యూరప్ వారసత్వాన్ని అనుమానించాలి. ఏ*30:02, బి*18:01, డీఆర్‌బీ1*03:01 అంటే మధ్యధరా సముద్రంలోని సార్డీనియా గుర్తొస్తుంది. గమనించండి, రెండింటిలోనూ డీఆర్‌బీ1*03:01 ఉంది. ఆ ఒక్కదాన్నే చూసి ఉంటే రెండింటినీ కలిపేసేవాళ్లం.

ఏ అల్లీల్ ఏ క్రోమోజోమ్ మీద ఉందో తెలుసుకోవడానికి రెండు మార్గాలు. పెద్ద జనాభాల్లో ఈఎం అనే గణాంక పద్ధతితో ఆర్లెక్విన్, పైపాప్ లాంటి సాఫ్ట్‌వేర్లు అంచనా వేస్తాయి. చిన్న దీవి నమూనాలో ఆ అంచనా తేలిగ్గా దారి తప్పుతుంది, ముఖ్యంగా ఒకరిద్దరిలోనే ఉన్న అరుదైన కట్టల విషయంలో. అక్కడ కుటుంబమే శరణ్యం. తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురినీ టైప్ చేయండి. బిడ్డకు తల్లి నుంచి వచ్చిన అల్లీల్స్ తీసేస్తే మిగిలేది తండ్రి కట్ట. కాగితం మీద పెన్సిల్‌తో చేయగలిగిన పని, కానీ దీనికి సాటి వచ్చే సాఫ్ట్‌వేర్ లేదు.

ఇంకో చిక్కు ఉంది. హెచ్‌ఎల్‌ఏ-బిలో కొత్త అల్లీల్స్ పుట్టే తీరు విచిత్రం. ఒక అల్లీల్ లోని చిన్న ముక్క ఇంకొక దానిలోకి కాపీ అయి కొత్తది తయారవుతుంది. దక్షిణ అమెరికా తెగల్లో ఇలా స్థానికంగా పుట్టిన బి అల్లీల్స్ చాలా ఉన్నాయని 1992లోనే తేలింది. అంటే ఒకే రకమైన అల్లీల్ రెండు చోట్ల విడివిడిగా పుట్టే అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. చుట్టూ ఉన్న సి, ఏ అల్లీల్స్, జన్యువు బయటి తేడాలు కూడా ఒకే మూలం వైపు చూపిస్తే ఈ టెన్షన్ తగ్గుతుంది.

అడుగు 6: ప్రపంచంతో పోల్చడం

ఐపీడీ-ఐఎంజీటీ/హెచ్‌ఎల్‌ఏ డేటాబేస్‌లో అల్లీల్ సీక్వెన్స్ ఉంటుంది. ఏ జనంలో ఎంత శాతం ఉందో అలీల్ ఫ్రీక్వెన్సీ నెట్ డేటాబేస్‌లో దొరుకుతుంది. రెండోది వెతికేటప్పుడు కనబడిన జాబితాను అలాగే ఎత్తి రాయకండి. ప్రతి జనం పక్కనా నమూనా సంఖ్య, టైపింగ్ స్థాయి చూడండి. చిలీ నగరాల జనంలో ఒక అల్లీల్ ఉందంటే అది యూరప్‌దా, మూలవాసులదా అన్నది ఆ వరస చెప్పదు, మూలవాసుల నమూనాలు విడిగా వెతకాలి. మీరు బయటిదని అనుకుంటున్న అల్లీల్ ఆసియాలో, పాలినీషియాలోని మిగతా దీవుల్లో ఉందేమో ఓపిగ్గా తిప్పి చూడండి. మీ వాదన నిలిచేది అక్కడ అది లేకపోవడం మీదే.

అడుగు 7: శాతాల చెట్లు, పటాలు: ఇక్కడ ఆగి ఆలోచించండి

చాలా పేపర్లలో ఈ పాటికి జన్యుదూరాలు లెక్కగట్టి, జనాలను కొమ్మలుగా చూపించే చెట్టు ఒకటి గీస్తారు. చూడటానికి బాగుంటుంది. హెచ్‌ఎల్‌ఏ విషయంలో మాత్రం నాకు దాని మీద నమ్మకం తక్కువ.

2001లో టిష్యూ యాంటిజెన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ప్రధానంగా డీఆర్‌బీ1 అనే ఒక్క జన్యువు శాతాలు చూసి, గ్రీకుల మూలాలు సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో ఉన్నాయని తేల్చేసింది. మరుసటి ఏడాది నేచర్‌లో నీల్ రిష్, అల్బర్టో పియాజా, లూకా కవాలీ-స్ఫోర్జా అదే బృందం ఇదే పద్ధతిలో రాసిన మరో వ్యాసాన్ని ఉతికి ఆరేశారు. అదే పద్ధతిలో జపనీయులు పశ్చిమ, దక్షిణ ఆఫ్రికా జనాలతో దాదాపు ఒకటే అని వస్తోందని చూపించారు.

తప్పు ఎక్కడుందంటే, హెచ్‌ఎల్‌ఏ శాతాలను వలసలతో పాటు జబ్బులు కూడా మారుస్తాయి. వైవిధ్యాన్ని నిలబెట్టే ప్రకృతి వరణం ఇక్కడ బలంగా పని చేస్తుంది, అందుకే దూరపు జనాల్లో కూడా శాతాలు ఒకేలా రావొచ్చు. దీవుల్లో పరిస్థితి ఇంకా కష్టం. 111 మందికి పడిపోయిన జనాభాలో ఏ అల్లీల్ పెరిగింది, ఏది మాయమైంది అన్నది చాలా వరకు అదృష్టం. దాని మీద మశూచి దెబ్బ ఒకటి. ఆ తర్వాత శాతాలను పట్టుకుని 1200 నాటి వలసల గురించి మాట్లాడటం అనవసరం. ఇష్టమైతే హార్డీ-వైన్‌బర్గ్ పరీక్ష, ఈవెన్స్-వాటర్సన్ పరీక్ష చేయండి. మొదటిది టైపింగ్ తప్పులను పట్టిస్తుంది, రెండోది వరణం జాడను చూపిస్తుంది. చెట్టు గీస్తే అనుబంధంలో పెట్టండి.

అడుగు 8: కాలం అంచనా

థోర్స్‌బీ బృందం 2007, 2009, 2012 వ్యాసాల్లో చెప్పింది క్లుప్తంగా ఇది. పరీక్షించిన వాళ్లందరిలోనూ పాలినీషియా హెచ్‌ఎల్‌ఏ అల్లీల్స్, పాలినీషియా మైటోకాండ్రియా రకాలు ఉన్నాయి. మగవాళ్లలో ఎక్కువమందికి వై క్రోమోజోమ్ కూడా పాలినీషియాదే, కొద్దిమందికి యూరప్‌ది. అంటే హేయర్‌దాల్ మొదటి స్థిరనివాసుల విషయంలో పొరబడ్డాడు. అయితే కొందరిలో ఏ*02:12, బి*39:05 లాంటి అమెరికా మూలవాసుల అల్లీల్స్ కనబడ్డాయి. 2009లో మరో 21 మందిని చూస్తే, ఇద్దరిలో అంతకుముందు దొరికిన వాటికి భిన్నమైన వేరే అమెరికా అల్లీల్స్ దొరికాయి. వాళ్ల మైటోకాండ్రియాలో, వై క్రోమోజోమ్‌లో అమెరికా జాడే లేదు.

కాలాన్ని వాళ్లు రెండు దారుల్లో పట్టుకున్నారు. మొదటిది వంశవృక్షం. ఆ అల్లీల్ ఉన్నవాళ్ల ఉమ్మడి పూర్వీకులెవరో దీవి కుటుంబాల వివరాలతో వెనక్కి వెళ్లి, 1860ల బానిస వ్యాపారానికి ముందే అది దీవిలో ఉందని చూపించారు. నేను ఎక్కువ బరువిచ్చేది దీనికే. నాలుగు దారుల్లో రెండు దీనితో మూసుకుపోయాయి.

రెండోది హాప్లోటైప్ విరగడం. అమెరికా అల్లీల్ ఒకటి పాలినీషియా అల్లీల్స్‌తో కలిసి ఒకే క్రోమోజోమ్ మీద కనబడితే, మధ్యలో ఎప్పుడో పునఃసంయోగం (జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) జరిగినట్టు. ఏ, బి జన్యువుల మధ్య అది తరానికి ఒక శాతం లోపే జరుగుతుంది. 0.8 శాతం అనుకుని లెక్క వేయండి. 150 ఏళ్లంటే ఆరు తరాలు, ఒక వరసలో కట్ట విరిగే అవకాశం సుమారు 5 శాతం. 700 ఏళ్లంటే 28 తరాలు, అప్పుడది 20 శాతం. పాత రాకే ఎక్కువ సంభవం, నిజమే. కానీ ఐదు శాతం జరగనిదేమీ కాదు. ఒక్క విరుపును చూసి శతాబ్దం పేరు చెప్పకూడదు. బృందం కూడా చరిత్రపూర్వ కాలం గురించి సూచన ఉందనే రాసింది, నిరూపణ అనలేదు. ఆ సంయమనం నాకు నచ్చింది.

అడుగు 9: మిగతా జీనోమ్‌ను సాక్షిగా పిలవడం

ఒక్క ప్రాంతపు జన్యువులతో వచ్చిన అనుమానాన్ని జీనోమ్ మొత్తం మీద పరీక్షించాలి. రాపా నుయ్‌లో ఇది దశలవారీగా జరిగింది, మలుపులతో సహా.

2014లో 27 మంది నేటి రాపా నుయ్ వాసుల జీనోమ్‌లలో సగటున 76 శాతం పాలినీషియా, 16 శాతం యూరప్, 8 శాతం అమెరికా మూలవాసుల వారసత్వం తేలింది. అమెరికా ముక్కలు చిన్నవిగా, చెదిరిపోయి ఉన్నాయి. యూరప్ ముక్కలు పొడవుగా ఉన్నాయి. తరాలు గడిచే కొద్దీ ముక్కలు చిన్నవవుతాయి కాబట్టి అమెరికా కలయిక పాతది, 1280-1495 మధ్య అని అంచనా. యూరప్‌ది 1850 తర్వాత. చిలీయుల ద్వారానే వచ్చి ఉంటే రెండు రకాల ముక్కలూ ఒకే పొడవు ఉండాలి కదా.

2017లో ఎదురుదెబ్బ తగిలింది. పాత అస్థికల నుంచి ఐదుగురి డీఎన్‌ఏ చదివితే అమెరికా జాడ కనబడలేదు. 2020లో పసిఫిక్ దీవులు, అమెరికా తీరప్రాంతాల నుంచి 807 మందిని చూసిన అధ్యయనం, సంపర్కం 1200 ప్రాంతంలో తూర్పు పాలినీషియాలో జరిగిందనీ, నేటి కొలంబియాలోని జెనూ జనానికి దగ్గరివాళ్లతో అనీ చెప్పింది. 2024లో ప్యారిస్ మ్యూజియంలో ఉన్న 15 మంది రాపా నుయ్ వాసుల అవశేషాల జీనోమ్‌లు చదివారు. వాళ్లు 1670-1950 మధ్య కాలపువాళ్లు. అందులో సుమారు 10 శాతం అమెరికా వారసత్వం, కలయిక కాలం 1250-1430. నాలుగో దారి, మూడో దారి, రెండో దారి అన్నీ దీనితో మూసుకుపోయినట్టే. ఐదుగురిలో కనబడనిది పదిహేను మందిలో కనబడింది. 

పాత ఎముకల్లో హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ జోలికి తొందరపడి పోకండి. డీఎన్‌ఏ చిన్న ముక్కలుగా విరిగి ఉంటుంది, హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఒకదానికొకటి పోలి ఉంటాయి, ఏ ముక్క ఏ జన్యువుదో తేలడం కష్టం. అక్కడ మొత్తం జీనోమ్ వారసత్వమే చూడటం మేలు.

మన దగ్గర దీవి జనాల మూలాల మీద జరిగిన పెద్ద పని అండమాన్‌ది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2005లో ఒంగీ, గ్రేట్ అండమానీస్ జనాల మైటోకాండ్రియా డీఎన్‌ఏ పూర్తిగా చదివి సైన్స్ పత్రికలో ప్రచురించారు. అక్కడ ప్రశ్న వేల ఏళ్ల ఒంటరితనం గురించి, కాబట్టి తల్లి వరస పనికొచ్చింది. రాపా నుయ్‌లో కొద్దిమంది బయటివాళ్ల కలయిక గురించి, కాబట్టి రెండు వైపుల నుంచీ వచ్చే జన్యువు కావాల్సి వచ్చింది. పనిముట్టు ఎంచుకునేది ప్రశ్నను బట్టి.

అన్నట్టు, ఈ దీవికీ ఇమ్యునాలజీకీ ఇంకో బంధం ఉంది. 1964లో బయల్దేరిన కెనడా వైద్య బృందం ఇక్కడి మట్టిని తీసుకెళ్లింది. అందులోని బ్యాక్టీరియా నుంచి వచ్చిన మందు రాపామైసిన్. హెచ్‌ఎల్‌ఏ చూసి కిడ్నీ మార్చాక, శరీరం దాన్ని తిప్పికొట్టకుండా కొందరికి ఇచ్చేది ఇదే.

అడుగు 10: రాయడం

ప్రతి వాక్యానికీ ఏ స్థాయి ఆధారం ఉందో విడదీసి రాయండి. ఫలానా అల్లీల్ దొరికింది అన్నది పరిశీలన. అది అమెరికా మూలవాసుల నుంచి వచ్చింది అన్నది పోలిక మీద ఆధారపడ్డ నిర్ధారణ. 1860లకు ముందే ఉంది అన్నది వంశవృక్షం చెప్పింది. 1722కు ముందు అన్నది హెచ్‌ఎల్‌ఏ వరకు సూచన, జీనోమ్‌తో కలిపితే బలమైన మాట. నాలుగింటినీ ఒకే గొంతుతో రాస్తే పత్రికల హెడ్డింగుల్లో చివరిదే మిగులుతుంది.

పట్టికలో ప్రతి వ్యక్తికీ సంకేత సంఖ్య, రెండు భాగాల (39:05 లాంటి) టైపింగ్, వాడిన పద్ధతి, డేటాబేస్ వెర్షన్, కుటుంబ సంబంధం ఉండాలి. హాప్లోటైప్ కుటుంబం నుంచి తీసిందా, అంచనా వేసిందా అన్నదానికి ఒక గడి పెట్టండి. 111 మంది నుంచి పెరిగిన దీవిలో ఒక అరుదైన హాప్లోటైప్ చాలు, అది ఎవరి కుటుంబమో ఊరంతా గుర్తుపట్టడానికి. అందుకే వంశవృక్షం బొమ్మలో పుట్టిన సంవత్సరాలు, పిల్లల సంఖ్య, వరస క్రమం కాస్త మార్చి గీయడం లేదా అసలు ప్రచురించకపోవడం మంచిది.

ఎవరు ఎటు వెళ్లారు అన్న ప్రశ్న మాత్రం ఈ డేటాతో తేలదు. అమెరికా మూలవాసులు తెప్పల మీద ఇటు కొట్టుకొచ్చి ఉండొచ్చు, పాలినీషియన్లే అమెరికా తీరానికి వెళ్లి మనుషులతో తిరిగొచ్చి ఉండొచ్చు. సముద్రయానంలో పాలినీషియన్ల నేర్పు చూస్తే నేను రెండోదాని వైపు మొగ్గుతాను. రెండు కథల్లోనూ దీవి మనిషి ఆరో క్రోమోజోమ్ మీద మిగిలేది అదే బి*39:05. తేడా తెలియాలంటే దక్షిణ అమెరికా తీరంలో 1722కు ముందు కాలపు అస్థికల్లో పాలినీషియా వారసత్వం ఉందేమో వెతకాలి.